ఊరి పాటలో మన చోటు

ఒక ఊరిని గురించి జనం పాడుకునే పాట ఆ ఊరికి రెండవ రిజిస్టరు వంటిది. మొదటి రిజిస్టరు ప్రభుత్వ కార్యాలయంలో ఉంటుంది. సర్వే నంబర్లు, వార్డులు, పన్నుల లెక్కలు అందులో ఉంటాయి. రెండవది జనం నాలుక మీద ఉంటుంది. ఉద్యోగ జీవితమంతా మొదటి రకం రిజిస్టర్ల మధ్య గడిపిన మాకు ఒక సంగతి బాగా తెలుసు. కాగితం మీద లేని పేరును అధికారి గుర్తించడు. నాలుక మీద లేని పేరును ఊరే గుర్తించదు. కాగితంలోని పొరపాటును దరఖాస్తు పెట్టి దిద్దించుకోవచ్చు. మరపు మీద అర్జీ పెట్టుకోవడానికి ఏ కార్యాలయమూ లేదు.

సినిమా పాటల్లో నగరాల పేర్లు, కట్టడాల పేర్లు వినిపిస్తే వినోదంగా తీసుకుని వదిలేస్తాం. నిజానికి అవి పిల్లలకు తెలియకుండానే పాఠం చెబుతాయి. ఈ ఊరు ఎవరిది, ఇందులో చూడదగ్గవి ఏవి, ఎవరి గుర్తులు అందరివి, ఎవరివి కావు అన్న పాఠం అది. అందుకే ఈ విషయం గురించి మన కుటుంబాలు ఒకసారి ఆలోచించాలని కోరుతున్నాము.

హైదరాబాదు సంగతి చూడండి. 1591లో చార్మినార్ కట్టించి ఆ నగరానికి పునాది వేసిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయంగా దక్కనీ కవి. నీటిని చేపలతో నింపినట్టే తన పట్టణాన్ని జనంతో నింపమని అల్లాహ్‌ను వేడుకుంటూ ఆయన ఒక మునాజాత్ రాశాడు. హైదరాబాదు మీద తొలి పాట అదే అనుకున్నా తప్పులేదు. అందులో ఆయన కోరింది జనాన్ని. ఆ జనం ఫలానా మతంవారే కావాలన్న షరతు ఆ దువాలో లేదు.

సరిగ్గా 380 ఏళ్ల తరువాత, 1971లో, 'మట్టిలో మాణిక్యం' చిత్రంలో బాలసుబ్రహ్మణ్యం గొంతుతో ఒక రిక్షావాడి పాట వచ్చింది. ఆ రిక్షావాడు తన బండిలో ఎక్కినవారికి హైదరాబాదంతా తిప్పి చూపిస్తాడు. చార్మినార్, జుమ్మా మసీదు, అసెంబ్లీ, జూబిలీ హాలు వరుసగా వస్తాయి. మసీదును, శాసనసభను అతడు ఒకే ఊపిరిలో చెబుతాడు. ఇది వారిది, అది మనది అని మధ్యలో ఎక్కడా ఆగడు. విశాఖలో పెరిగిన మా తరం వారిలో చాలామంది చార్మినార్‌ను కళ్లతో చూడకముందే ఆ పాటలో చూశారు. ముస్లిం ఇంటి పిల్లవాడు, పక్కింటి హిందూ పిల్లవాడు కలిసి పాడుకుంటే ఆ కట్టడం ఇద్దరిదీ అయింది. ఏ సమైక్యతా సదస్సూ ఇంత సులువుగా ఆ పని చేయలేదు.

బొంబాయికీ అటువంటి పాట ఉంది. 1956 నాటి 'సి.ఐ.డి.' చిత్రానికి మజ్రూహ్ సుల్తాన్‌పురి రాయగా రఫీ, గీతా దత్ పాడారు. అందులో గొప్ప కట్టడాల వర్ణన లేదు. ట్రాములు, మిల్లులు, నిలువ నీడ లేని పేదలు ఉన్నారు. ఎక్కడి సుల్తాన్‌పూర్, ఎక్కడి బొంబాయి! పొట్టకూటికి వచ్చిన ఒక ఉర్దూ కవి రాసిన ఆ పాట ఈనాటికీ ఆ నగరం తన గురించి తాను పాడుకునే పాటగా నిలిచింది. ఊరి పాట రాయడానికి తాతముత్తాతల నాటి పట్టాలు అక్కర్లేదనీ, ఊరి కష్టసుఖాలు తెలిస్తే చాలుననీ దీనివల్ల తెలుస్తుంది.

పాట బలం ఎంతటిదో 2024లో మరొకసారి చూశాం. తెలంగాణ రాష్ట్ర చిహ్నం నుండి చార్మినార్‌ను, కాకతీయ కళాతోరణాన్ని తొలగిస్తున్నారన్న వార్త ఆ ఏడాది మే నెలలో వెలువడింది. నిరసనలు రేగాయి, కొత్త చిహ్నం ఆవిష్కరణ వాయిదా పడింది. అదే రోజుల్లో, జూన్ 2న, అందెశ్రీ గీతం రాష్ట్ర గీతమైంది. ఆ కవి తన గీతంలో రామప్పను, చార్మినార్‌ను పక్కపక్కనే నిలబెట్టాడు. చిహ్నాన్ని ఒక ఉత్తర్వుతో మార్చవచ్చు. లక్షలమందికి కంఠస్థమైన పాట నుండి ఒక పేరును తీసివేయడం అంత తేలిక కాదు.

ఇదే బలాన్ని చెడుకు వాడేవారూ ఉన్నారు. కొన్ని ఊరేగింపుల్లో మసీదు ముందు బండి ఆపి, చెవులు చిల్లులు పడేటట్టు పెట్టే రెచ్చగొట్టే పాటలు మనం వింటూనే ఉన్నాం. ఊరు కొందరిదేనని అవి చాటుతాయి. వాటికి సమాధానం మరింత పెద్ద డీజే కాదు. ఊరు అందరిదని చెప్పే మంచి పాటే దానికి సమాధానం.

ఇక మన విశాఖ. సినిమావారు ఈ ఊరిని కంటికి వాడుకున్నంతగా చెవికి వాడుకోలేదు. 1978లో 'మరోచరిత్ర' వచ్చినప్పటి నుండి భీమిలి తీరాన్ని, బీచి రోడ్డును ఎన్ని చిత్రాలలో చూశామో లెక్కలేదు. ఊరి పేర్లు పలికిన పాటలు మాత్రం తక్కువ. 2001 నాటి 'నువ్వు నేను' చిత్రంలోని పాటతో గాజువాక పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 2023లో ఒక పెద్ద చిత్రం తన పేరులోనే వాల్తేరును పెట్టుకుంది. అయితే ఈ ఊరు పుట్టించిన పదాల్లో అన్నిటికన్నా బలమైనది సినిమాలోది కానే కాదు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్నది నాలుగు మాటల నినాదం. పాటలాగే ప్రాస కుదిరి, పాటలాగే నాలుకకు పట్టింది. 1966 ఉద్యమంలో అది వీధివీధినా వినిపించింది. 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ఇందిరాగాంధీ కర్మాగారాన్ని ప్రకటించారు. 2021 జనవరిలో ఆ కర్మాగారాన్ని ప్రైవేటుపరం చేయాలని కేంద్రం నిర్ణయించినప్పుడు కార్మికులు కొత్త నినాదం వెతుక్కోనక్కర లేకపోయింది. పాతదే మళ్లీ లేచి నిలబడింది. జనం నోట నిలిచిన మాట ఎన్నాళ్లకైనా అక్కరకు వస్తుందనడానికి ఇంతకు మించిన రుజువు లేదు.

హిందుస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసిన వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర పలుకుబడిని, శ్రామికుడి చెమటను పాటకెక్కించి 2020లో కన్నుమూశాడు. యంత్రం దగ్గర నిలబడి పనిచేసిన మనిషి ఒక ప్రాంతానికే గొంతు కాగలిగాడు.

ఇంతటి ఊరిలో ఒక గుర్తుకు మాత్రం పాటలో చోటు దొరకలేదు. రేవు ముఖద్వారం దగ్గర, డాల్ఫిన్స్ నోస్‌కు ఎదురుగా, పాత పట్టణం అంచున మూడు కొండలు ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇసాఖ్ మదీనా ఔలియా దర్గా. ఓడ మీద వచ్చేవాడికి మూడూ దాదాపు ఒకే చూపులో కనబడతాయి. ఔలియాల మహిమల విషయంలో మనలో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. వాటి జోలికి మేము పోవడం లేదు. చరిత్రగా చూసినా దర్గా కొండ కథ అపురూపమైనది. బంగాళాఖాతపు గాలివానలు ఈ ఔలియా మాట వింటాయని నావికులు నమ్మేవారట. రేవు దాటే ఓడలు మూడుసార్లు జెండా ఎత్తి దించి సలాం చేసేవట. ప్రయాణం క్షేమంగా ముగిశాక హిందూ ఓడ యజమానులు వెండి పడవలు చేయించి సమర్పించేవారట. ఇవన్నీ బ్రిటిషు కాలపు జిల్లా మాన్యువల్‌లో నమోదైన సంగతులు. అందులోనే ఒక వ్యాజ్యం కథ కూడా ఉంది. అరకాన్ తీరాన తుఫానులో చిక్కిన ఒక ముస్లిం సరంగు ఈ దర్గాకు రూపాయల మూట మొక్కుకుని, తిరిగి రాగానే చెల్లించానన్నాడు. ఓడ యజమాని అయిన వైశ్య వర్తకుడు ఆ ఖర్చును లెక్కలో ఒప్పుకోనన్నాడు. ఓడ ఒకరిది, సరంగు మరొకరు, తుఫాను ఇద్దరికీ ఒక్కటే. మన ఊరి అసలు స్వభావం ఈ తగవులోనే ఉంది. పాట కట్టగలవాడికి ఇంతకన్నా మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది?

కానీ ఈనాడు విశాఖ మీద వేదికల పైన, ఫోన్లలో మేము వింటున్న పాటల్లో బీచి ఉంది, కైలాసగిరి ఉంది, సింహాద్రి అప్పన్న ఉన్నాడు, జలాంతర్గామి ఉంది. ఇవన్నీ ఉండవలసినవే, అన్నీ మనవే. వాటిలో దర్గా కొండ పేరు మాత్రం మాకు తారసపడలేదు. దీని వెనుక ఎవరి కుట్రనో వెతకనవసరం లేదు. ఊరు కొత్త దిక్కులకు పెరిగింది. పాత పట్టణం వెనుకబడింది. పాట కట్టే కుర్రవాడికి ఆ కొండను చూపించిన వారు లేరు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: ఇళ్లు, ఉద్యోగాలు, స్కాలర్‌షిప్పులు ఉండగా పాటల గోల ఎందుకని. 2025 వక్ఫ్ సవరణ చట్టం వచ్చాక, ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించడానికి మన జమాఅత్ పెద్దలు ఎంత తిరిగారో మాకు తెలియనిది కాదు. ఆ పని తప్పనిసరి. పాట దస్తావేజు కాదు, కోర్టులో చెల్లదు. అయినా ఊరంతా తనదిగా పాడుకునే చోటు మీద చేయి వేయడానికి ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. కాగితం మన హక్కును కాపాడుతుంది. పొరుగువాడి అభిమానం ఆ కాగితాన్ని కాపాడుతుంది.

రెండవది సంగీతం గురించి. ఈ విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. వాద్యాలు వద్దనుకునేవారు వాద్యాలు లేకుండానే పాడించవచ్చు. మన పిల్లలు నాత్‌లు, నజ్మ్‌లు అలాగే పాడుతున్నారు కదా. మనం చెప్పినా చెప్పకపోయినా బయటి పాటలు పిల్లల చెవిన పడుతూనే ఉన్నాయి. అందులో తమ ఊరి నిజమైన పాట ఒకటి ఉండటం మంచిది.

ఒక జాగ్రత్త కూడా అవసరం. విశాఖపట్నం అసలు పేరు ఇసాఖ్‌పట్నమని మనవారిలో కొందరు అంటారు. వైశాఖేశ్వరుని గుడి వల్ల ఆ పేరు వచ్చిందని మరికొందరు అంటారు. ఆ వాదనను మేము తలకెత్తుకోము. పేరు కోసం పోట్లాడితే మిగిలేది పోట్లాటే. మనకు కావలసింది ఊరి పేరు మీద గుత్తాధిపత్యం కాదు, ఊరి పాటలో ఒక పాదం.

చేయవలసింది కష్టమైన పని కాదు. మన మదరసాల్లో, పాఠశాలల్లో పిల్లలకు తెలుగులో, ఉర్దూలో ఊరి మీద పాట రాసే పోటీ పెట్టవచ్చు. రాసే ముందు వారిని మూడు కొండలకూ తీసుకెళ్లి చూపించాలి. పర్యాటక శాఖవారో, నగరపాలక సంస్థవారో ఊరి మీద పాటో, చిత్రమో తయారుచేసినప్పుడు మూడు కొండల పేర్లూ కలిపి చెప్పమని మర్యాదగా లేఖ రాయాలి. ఆ లేఖ మీద గుడి పెద్దల, చర్చి పెద్దల సంతకాలు కూడా ఉంటే మరీ మంచిది. మన పేరు ఒక్కటే చేర్చమని అడగకూడదు. జాలరిపేట వలలు, రేవులో బరువులు మోసిన కూలీలు, ఉక్కు కర్మాగారానికి భూములిచ్చి చెదిరిపోయిన గ్రామాలు కూడా పాటలో చోటు దొరకనివే. వాటి కోసం మనం అడిగితే మన కోసం అడిగేవారు కూడా పుడతారు.

రాబోయే ఆగస్టు 15న మన బడిలో జెండా ఎగిరినప్పుడు పిల్లలు దేశభక్తి గీతంతో పాటు తమ ఊరి పాట కూడా పాడాలని మా కోరిక. అందులో రేవు ఉండాలి, ఉక్కు ఉండాలి, మూడు కొండలూ ఉండాలి. ఆ పాట రాసే పిల్లవాడు ఈ పత్రిక చదివే ఇళ్లలో ఏదో ఒక ఇంట్లోనే ఉన్నాడని మా నమ్మకం. వాడి చేతికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, ఈ శుక్రవారం నమాజు తరువాత దర్గా కొండ మీదికి తీసుకెళ్లండి.