పాపిటలో తెల్లగీతకు తలంతా రంగెందుకు?

పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడ్డాయంటే జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల్లో బట్టల కొట్లు, బంగారం కొట్లతో పాటు సెలూన్లు, బ్యూటీ పార్లర్లు కూడా కిటకిటలాడుతుంటాయి. పల్లెల్లో కిరాణా కొట్టు గుమ్మానికి షాంపూ పొట్లాల దండ పక్కనే తలరంగు పొట్లాల దండ వేలాడుతుంటుంది. ఒకప్పుడు పట్నవాసపు షోకుగా చెప్పుకున్న తలరంగు నేడు మెట్ట ప్రాంతపు మారుమూల గ్రామాలకు కూడా పాకింది. మిరప కోతలకు వెళ్ళే కూలీ మొదలు సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగి వరకు రంగు వేసుకోని వారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చునన్నా పెద్ద అతిశయోక్తి కాదు.

రంగు వేసుకోవడం తప్పా, ఒప్పా అన్నది ఇక్కడ చర్చ కాదు. ఎవరి తల వారిది, ఎవరి ఇష్టం వారిది. అసలు చిక్కంతా రంగు వేసిన రోజున కాదు, పదిహేను రోజుల తర్వాత వస్తున్నది. కుదుళ్ళ దగ్గర తెల్లగా కొత్త వెంట్రుక తొంగి చూస్తుంది. ఆడవారికి పాపిటలోనూ, మగవారికి చెంపల వద్ద, మీసం మొదట్లోనూ సున్నంతో గీత గీసినట్లు కనబడుతుంది. ఆ గీతను దాచడానికి తలంతా మళ్ళీ రంగు పులిమేయడం ఈ ప్రాంతంలో అలవాటైపోయింది. నెలకు రెండుసార్లు, పెళ్ళిళ్ళ రోజుల్లో అయితే మూడుసార్లు కూడా పూసేవారున్నారు. ప్రమాదం దాగి ఉన్నది ఇక్కడే.

నెలకు సెంటీమీటరు

వెంట్రుక ఎంత వేగంగా పెరుగుతుందో ఈ ప్రాంత ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లికి తలనీలాలు ఇచ్చి వచ్చిన వారి తల నెల తిరిగేసరికి ఎట్లా ఉంటుందో ప్రతి ఇంటా చూసిందే. సుమారుగా ఒక సెంటీమీటరు వెంట్రుక వస్తుంది. ఈ లెక్కన పదిహేను రోజులకు అర సెంటీమీటరు. రంగు బయట ఉన్న వెంట్రుకకే గానీ, చర్మం లోపల దాని పుట్టుకకు అంటదు. అందువల్ల ఎంత ఖరీదైన రంగు వేసినా, ఎంత పేరున్న పార్లరులో వేయించినా, లోపలి నుంచి వచ్చే వెంట్రుక తెల్లగానే వస్తుంది. అది రంగు లోపం కాదు, వేసిన వారి లోపం అంతకంటే కాదు. ఈ సంగతి తెలియక, పోయినసారి రంగు సరిగా పట్టలేదని ఈసారి మరింత చిక్కగా కలిపి, మరింత సేపు ఉంచుకునేవారు చాలామంది ఉన్నారు.

బజారులో దొరికే నల్లరంగుల్లో ఎక్కువ వాటికి ప్రాణం పారాఫెనిలిన్ డయామిన్ అనే రసాయనం. పొట్లాల మీద పొట్టిగా పీపీడీ అని వ్యవహరిస్తుంటారు. ఇటువంటి కృత్రిమ రసాయనాలతో తలరంగు తయారుచేసి 1907లో పారిస్ నగరంలో యూజీన్ షూల్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు క్షౌరశాలలకు అమ్మడం మొదలుపెట్టాడు. నూరేళ్ళు దాటినా నల్లరంగుకు పీపీడీకి సాటివచ్చే సరుకు పెద్దగా రాలేదు. చాలామందికి ఇది పడుతుంది. కొందరికి పడదు. పడనివారికి దురద, నుదురు, కనురెప్పలు వాయడం, చెవుల వెనుక, మెడ మీద పొక్కి రసికారడం వంటి బాధలు కలుగుతాయి.

ఇందులో మరొక మెలిక ఉన్నది. పడకపోవడం మొదటిసారే బయటపడాలన్న నియమం లేదు. పదేళ్ళు నిక్షేపంగా వాడిన మనిషికి పదకొండో ఏట ముఖం వాచవచ్చు. పైగా ఆ వాపు వెంటనే రాక, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా రావడం కద్దు. పర్యవసానంగా పెళ్ళిలో తిన్న వంకాయ కూర మీదకో, ఎండ మీదకో నింద పోతుంది గాని తలరంగు మీద అనుమానం రాదు. ఒకసారి పడని గుణం ఏర్పడిందంటే అది సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది, తర్వాతి సారి మరింత తీవ్రంగా రావచ్చు. ఎన్నిసార్లు చర్మానికి తగిలితే ఆ ముప్పు అంతగా పెరుగుతుంది. అర సెంటీమీటరు తెల్లగీత కోసం పదిహేను రోజులకొకసారి మాడంతా రంగుతో తడపడం ఎందుకు మంచిది కాదో దీన్ని బట్టి గ్రహించవచ్చు.

గీతకు గీతంత మందు

పెరిగింది అర సెంటీమీటరు అయినప్పుడు రంగు కావలసింది కూడా ఆ అర సెంటీమీటరుకే. పాత బ్రష్షుతోనో, దువ్వెన మొనతోనో కుదుళ్ళ వద్ద మాత్రమే రాస్తే ఒక పొట్లం పెట్టవలసిన చోట పావు పొట్లంతో పని అయిపోతుంది. నల్లబడిన వెంట్రుకకే మళ్ళీ మళ్ళీ రంగు వేయడం వల్ల అది పీచులా ఎండి, కొసలు చిట్లిపోతాయి తప్ప ప్రయోజనం లేదు. రెండు రంగులకు మధ్య నెల నుంచి నెలన్నర ఎడం ఉండడం మంచిది.

మరి ఈ లోపల వచ్చే గీత సంగతేమిటన్న ప్రశ్న వస్తుంది. దీనికి మన ఇళ్ళలోనే ఎన్నో ఉపాయాలున్నాయి. ఎప్పుడూ ఒకే చోట తీసే పాపిటను కాస్త పక్కకు మార్చినా, తిన్నగా కాక వంకరటింకరగా తీసినా గీత సగానికి సగం కనబడదు. పాపిట మొదట్లో పెట్టే కుంకుమ ముందున్న తెలుపును కప్పుతుంది. వదులుగా వెనక్కు దువ్వి ముడి వేసుకుని పూలు పెట్టుకుంటే చూపు పూల మీదకు పోతుంది. చెంపల దగ్గరి నాలుగు వెంట్రుకలకు కాటుక వేలితో అద్దుకోవడం కొత్త విద్యేమీ కాదు. ఇప్పుడు ఇదే పనికి కాటుక పెన్సిలు వంటి పుల్లలు, పొడులు, పిచికారీ డబ్బాలు పెద్ద దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఇవి వెంట్రుక లోపలికి దిగవు, తలస్నానంతో పోతాయి. ఒక పెళ్ళికో, ఒక ఫొటోకో వీటితో గడిచిపోతుంది. అయితే మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్ళే మన మెట్ట ఎండల్లో చెమటకు కరిగి చొక్కా కాలరుకు, దిండు గలీబుకు అంటుకుంటాయని గుర్తుంచుకోవాలి. పొలం పనికి, మోటారు సైకిలు మీద హెల్మెట్ పెట్టుకుని వెళ్ళేవారికి ఇవి అంతగా పనికిరావు.

రంగు ఎంపికలో కూడా కొంత కిటుకు ఉన్నది. బొగ్గు లాంటి నలుపు పక్కన తెలుపు కొట్టవచ్చినట్లు కనబడుతుంది. అదే ముదురు గోధుమ రంగైతే తెల్లగీత అంత తొందరగా బయటపడదు. యాభై దాటిన ముఖానికి కటిక నలుపు అంతగా నప్పదని సెలూన్లలో పనిచేసేవారికి తెలియని సంగతి కాదు. అడిగేవారు నలుపే అడుగుతుంటే వారు మాత్రం ఏం చేస్తారు?

రసాయనాలు వద్దనుకుని గోరింటాకు వైపు వెళ్ళేవారు కూడా జాగ్రత్త పడాలి. అసలైన గోరింటాకు తెల్ల వెంట్రుకకు ఎరుపు గోధుమ రంగునే ఇస్తుంది గాని నలుపు ఇవ్వదు. దాని మీద నీలి ఆకు పొడి పెడితే క్రమంగా నలుపు వస్తుంది, అందుకు గంటల కొద్దీ ఓపిక కావాలి. ‘నల్ల హెన్నా’ అని పేరు పెట్టి పావుగంటలో నల్లబరిచే పొడిలో గోరింటాకు పేరుకే ఉండి, పని చేసేది తరచుగా ఆ పీపీడీయే. పొట్లం మీద ఆకు బొమ్మ ఉన్నదని మోసపోరాదు.

చెవి వెనుక చుక్క

తలరంగుల విషయంలో చట్టం కళ్ళు మూసుకుని ఏమీ లేదు. చర్మానికి పడకపోవచ్చుననీ, ముందు పరీక్ష చేసుకోవాలనీ, కనుబొమలకు, కనురెప్పల వెంట్రుకలకు వాడితే చూపు పోయే ప్రమాదం ఉన్నదనీ ఇటువంటి రంగుల మీద హెచ్చరిక ఉండాలని 1945 నాటి ఔషధ, సౌందర్య సాధనాల నిబంధనలే చెప్పాయి. పరీక్ష ఎట్లా చేయాలో ఇంగ్లీషులోనూ, స్థానిక భాషల్లోనూ సూచనలు జతచేయాలని కూడా అందులో ఉన్నది. సౌందర్య సాధనాలకు 2020లో విడిగా నిబంధనలు వచ్చాయి.

పరీక్ష బహు తేలిక. చెవి వెనుక గాని, మోచేతి లోపలి వైపు గాని సబ్బుతో కడిగి, కలిపిన రంగు ఒక చుక్క రాసి ఆరనివ్వాలి. 24 గంటల తర్వాత కడిగి చూడాలి. ఇంకో రోజు ఆగి చూస్తే మరీ మంచిది. దురద, ఎరుపు, పొక్కు ఏదీ లేకపోతే వాడుకోవచ్చు. ప్రతిసారీ రంగు వేసే ముందు ఈ పరీక్ష చేయాలన్నది నియమం. జగ్గయ్యపేటలో గాని, నందిగామలో గాని, కంచికచర్లలో గాని ఎన్ని కుర్చీల దగ్గర ఈ చుక్క పడుతున్నదో వాడేవారే చెప్పాలి. ఆదివారం ఉదయం వచ్చి కూర్చుని, గంటలో పెళ్ళికి పోవాలని తొందరపెట్టే వారికి చుక్క గురించి చెప్పే ఓపిక సెలూను వారికీ ఉండదు, వినే తీరిక వచ్చినవారికీ ఉండదు. దండలోంచి తుంచి ఇచ్చే చిన్న పొట్లం మీద చీమ తలకాయంత అక్షరాలు చత్వారం వచ్చినవారికి ఆనవు. రంగు కావలసింది కూడా వారికే కావడం గమనార్హం.

రోజూ పదిమంది తలలకు రంగు వేసే క్షౌరవృత్తిదారుల చేతుల సంగతి కూడా పట్టించుకోవాలి. వాడేవారికి నెలకొకసారి తగిలే రసాయనం వీరి వేళ్ళకు దినమూ తగులుతుంది. చేతి తొడుగులు వేసుకోవడం నామోషీ కాదు. చేతులు పగిలి, పొక్కితే పోయేది వారి జీవనాధారమే.

గీత వరకే రంగు వాడితే పొట్లంలో పొడి మిగులుతుంది. కలపని పొడిని మడిచి దాచుకోవచ్చు. కలిపిన రంగును మాత్రం దాచరాదు, పారబోయాలి. ఇంట్లో తలరంగు సీసా గాని, పొట్లం గాని పిల్లలకు, మనసు బాగాలేని వారికి అందుబాటులో ఉంచకూడదు. కడుపులోకి పోతే ఇది విషం. మెడ, గొంతు వాచి ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉన్నది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఇటువంటి కేసులను రాష్ట్రంలోని పెద్దాసుపత్రులు చూశాయి. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చడమొక్కటే మార్గం.

ఎవరి కోసం?

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై వారాల తరబడి సెలూన్లు మూతపడినప్పుడు ప్రపంచమంతటా తలల అసలు రంగు బయటపడింది. ఆ రోజుల్లో కొందరు ఇదే అదనుగా రంగు మానేశారు. మరికొందరు తలుపులు తెరవగానే తిరిగి కుర్చీ ఎక్కారు. మానిన వారిని మెచ్చుకోవడం, ఎక్కిన వారిని ఎగతాళి చేయడం రెండూ అనవసరం. బట్టల కొట్టులో గుమాస్తాకు, ప్రైవేటు స్కూలు పంతులమ్మకు తెల్లజుట్టు కనబడితే ఉద్యోగానికే ఎసరు వస్తుందన్న భయం ఉంటుంది. తెల్లవెంట్రుక కనబడితే ‘ముసలిదైపోయింది’ అనీ, రంగు వేస్తే ‘ఈ వయసులో షోకులు’ అనీ రెండు విధాలా మాట పడేది ఆడదే. మగవాడి నెరసిన చెంపలకు పెద్దరికం అని పేరు. ఈ తేడా ఉన్నంత కాలం పాపిటలోని గీతను దాచే అవసరం ఉంటూనే ఉంటుంది.

రంగు మానుకోవాలనుకునే వారికి కూడా ఈ గీతే అడ్డంకి. మగవారైతే మూడు నాలుగు క్రాఫులతో బయటపడతారు. 60 సెంటీమీటర్ల జడ ఉన్న ఆడమనిషికి నెలకు సెంటీమీటరు లెక్కన పూర్తిగా కొత్త జుట్టు రావాలంటే 5 సంవత్సరాలు పడుతుంది. అన్నాళ్ళూ సగం నలుపు, సగం తెలుపుతో తిరగడం అందరికీ సాధ్యం కాదు. పెనుగంచిప్రోలు వెళ్ళి మొక్కు తీర్చుకుని ఒక్క దెబ్బతో చిక్కు వదిలించుకున్నవారు అదృష్టవంతులు. మిగిలినవారికి రంగు ఎడం పెంచుకుంటూ, మధ్యలో పాపిట మార్పుతో, పొడులతో నెట్టుకు రావడమే దారి.

ఈ విషయంలో చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. రెండు పట్టణాల సెలూన్లు, పార్లర్లు ‘కుదుళ్ళకు మాత్రమే’ అని విడిగా తక్కువ రేటు పెడితే తలంతా వేయించుకునేవారు వారంతట వారే తగ్గుతారు. రంగు వేసే రెండు రోజుల ముందు చెవి వెనుక చుక్క పెట్టించుకుని వెళ్ళమని అద్దం పక్కన ఒక అట్ట ముక్క మీద తెలుగులో రాసి తగిలించవచ్చు. 2022 ఏప్రిల్‌లో కృష్ణా నుంచి విడివడి ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఈ ప్రాంతం చేరింది. కొత్త జిల్లా ఔషధ తనిఖీ అధికారులు సంతల్లో, కిరాణా కొట్లలో అమ్మే పొట్లాల మీద హెచ్చరికలు, తెలుగు సూచనలు ఉన్నవీ లేనివీ చూడవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. వాడేవారు మాత్రం వీరందరి కోసం ఎదురు చూడనక్కరలేదు. అర సెంటీమీటరు గీతకు అర సెంటీమీటరు రంగు చాలునన్న లెక్క ఇంట్లో అద్దం ముందే తేల్చుకోవచ్చు.