ఇనుప బీరువా అభయమీయగలదా?

విశాఖపట్టణమున ఇల్లు కట్టుకొన్న గృహస్థుడు స్థలపు దస్తావేజులను, పిల్లల సర్టిఫికెట్లను, నగలను ఇనుప బీరువాలోని లాకరులో వేసి, తాళము బిగించి, ఇక నిశ్చింతగా నిద్రింపవచ్చునని తలచుచున్నాడు. ఇనుము వెనుకనున్నది క్షేమమను ఈ అభిప్రాయము లోకమున ఎంత ప్రబలమో అంత నిరాధారము. తాళమును రేకును దొంగ చేతికి అడ్డుగాని, అగ్నికిగాని జలమునకుగాని అడ్డు కావు.

ఉక్కును కరగించి పోతపోయు ఊరిలో ఈ భ్రమ నిలిచియుండుట మరింత శోచనీయము. ఉక్కు వేడిని నిరోధింపదు, లోనికి చేరవేయును. 600 డిగ్రీల వద్ద తన బలములో సగమునకు పైగా కోల్పోవును. అంతకు చాల ముందే, 230 డిగ్రీల ప్రాంతముననే, కాగితము మాడిపోవును. బంగారము 1064 డిగ్రీలకు గాని కరగదు. కావున మంటలలో నగలు మిగిలినను దస్తావేజులు మిగులవు; బీరువా నిలిచియుండగనే లోపలి కాగితము బొగ్గగును.

అగ్నినిరోధకమైన పెట్టె వేరు. దాని జంటగోడల నడుమ జిప్సము వంటి పదార్థమును నింపుదురు. అందు బంధింపబడిన నీరు వేడికి ఆవిరియై, అరగంటయో గంటయో లోపలి తాపమును అదుపున నుంచును. అయినను ఆ ఆవిరియే లోపలి కాగితమును తడుపవచ్చును. మంటలార్పు గొట్టపునీరు తలుపు సందులగుండ చొరవచ్చును. అగ్నినోర్చునది నీటినిగూడ ఓర్చునని నమ్ముట రెండవ భ్రమ.

“మేమున్నది మూడవ అంతస్తున, మాకు నీటి భయమేల?” అనువారు 2014 అక్టోబరు 12ను స్మరింతురుగాక. నాడు హుద్‌హుద్ తుపాను తీరము దాటినప్పుడు కిటికీ అద్దములు పగిలి, వాన అడ్డముగా గదులలోనికి కొట్టినది; ఆ నీటికి అంతస్తుల భేదము లేకపోయెను. తుపాను లేని దినములందును ఉప్పుగాలి తనపని మానదు: బీరువా అడుగున మడతబందు త్రుప్పుపట్టి పొడిరాలును, స్టాంపు కాగితపు మడతలు ఒకదానికొకటి అంటుకొనును.

బ్యాంకు లాకరున్నదికదా యనుట మరియొక సమాధానము. కాని 2022 నుండి అమలులోనున్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము, బ్యాంకు లోపమువలన నిప్పంటుకొన్నను పరిహారపు పరిమితి ఏటి అద్దెకు నూరురెట్లు. వరద, భూకంపము, పిడుగు వంటి దైవికములకు, తన నిర్లక్ష్యము లేనిచో, బ్యాంకు బాధ్యత వహింపదు.

మరి కర్తవ్యమేమి? రిజిస్టరైన దస్తావేజునకు సర్టిఫైడు నకలు సబ్‌రిజిస్ట్రారు కచేరీలో లభించును. దానిని తెచ్చి వేరొక ఊరి బంధువులయింట నుంచుడు. మూలపత్రములను గాలి చొరని సంచిలో సిలికా జెల్ పొట్లముతో మూసి, అగ్నినిరోధకమైన పెట్టెలో, నేలకెత్తున పదిలపరచుడు. ఒక్క పెట్టెను నమ్ముట రక్షణ కాదు. రెండు తావుల నుంచుటయే రక్షణ. పాఠకులారా, తుపానుల కాలమైన అక్టోబరు రాకముందే ఈ పని ముగింపుడు.