చేపల మేతయందు స్వావలంబనము

కొల్లేటి పరిసరములందును, కృష్ణా గోదావరీ మండలములందును వేలకొలది యెకరముల చెరువులలో పంగాసియస్ అను మీసముల చేప నేడు పెంచబడుచున్నది. 1990ల దశకమున వంగదేశము మీదుగా మన దేశమునకు వచ్చిన యీ చేప త్వరగా నెదుగును. నీటిలో ప్రాణవాయువు కొరవడినను తట్టుకొనును. ముండ్లు తక్కువ గావున పట్టణములలో గిరాకి గలిగియున్నది. ఐనను రైతు చేతికి మిగులునది స్వల్పము. ఏలయన, పెంపకపు ఖర్చులో సగమునకు మించి మేతకే పోవుచున్నది. ఆ మేత ఖరీదులో పెద్దపాలు మాంసకృత్తులది. కావున మాంసకృత్తు లెచ్చటినుండి తేవలయునను ప్రశ్న ప్రయోగశాలలతో ముగియునది కాదు. అది రైతు బ్రతుకునకును, దేశ స్వావలంబనమునకును సంబంధించిన ప్రశ్న.

సముద్రమున బట్టిన చిన్న చేపల నెండబెట్టి, పొడి గొట్టి మేతలో గలుపుట చిరకాలపు పద్ధతి. మేలైన పొడిలో మాంసకృత్తులు నూటికి 60 పాళ్లకు దక్కువ గావు. కాని నెత్తళ్లు, కవళ్లు తీరవాసులగు బీదల యాహారము. బీదవాని కంచములోని చేపను దీసి చెరువులోని చేపకు వేయుట యెట్టి న్యాయము? ఈ సంపద తరుగనిదియు గాదు. పెరూ దేశము 1970లో కోటి ఇరువది లక్షల టన్నులకు మించి నెత్తళ్ల జాతి చేపలను బట్టి, వానిలో నధికభాగమును పొడి చేసి ప్రపంచమునకు విక్రయించినది. మితిమీరిన వేటకు తోడు 1972లో సముద్రజలములు వేడెక్కగా నా పరిశ్రమ కుప్పకూలినది. పెక్కు దేశములలో కోళ్ల మేతకును, పందుల మేతకును ఒక్కసారి కరవు వచ్చినది.

మరికొందరు కోళ్ల దుకాణములవారు పారవేయు ప్రేగులను, తలలను తెచ్చి చెరువులలో గ్రుమ్మరించుచున్నారు. ఇది చౌక యగుట నిజమే. కాని యా కుళ్లు నీటిని చెరచును, రోగముల బెంచును, తుదకు తినువాని యారోగ్యమునకే ముప్పు దెచ్చును. 2000 సంవత్సరమున నిషేధింపబడిన ఆఫ్రికా మీసముల చేపను దొంగచాటుగా బెంచువారు ముఖ్యముగా నీ కుళ్లునే నమ్ముకొనియున్నారు. కొద్దిమంది చేయు నీ పనివలన నిజాయితీగల రైతు పండించిన చేపకును అపకీర్తి వచ్చుచున్నది.

ఇక సోయా చెక్క. ఇది మేలైన మేతయే. కాని దీనినొక్కదానినే నమ్ముకొనుట క్షేమము గాదు. 1973లో అమెరికా ప్రభుత్వము సోయా యెగుమతులను హఠాత్తుగా నిలిపివేయగా, దానిపై నాధారపడిన జపాను తల్లడిల్లినది. మన దేశమున 2021లో సోయా ధర మిన్నుముట్టగా, ప్రభుత్వము 12 లక్షల టన్నుల విదేశీ చెక్కను దిగుమతి చేసికొనుటకు అనుమతి నీయవలసి వచ్చినది. పరుల గాదెను జూచి మన చెరువులను నింపుకొనుట వివేకము గాదు.

అట్లయిన మార్గ మేది? ఈ చేప స్వభావములోనే మార్గము గలదు. ఇది కొరమీనువలె మాంసమునే కోరునది గాదు. గింజలను, పిండిని గూడ జీర్ణించుకొనగలదు. అమెరికాలోని మిసిసిపి రైతులు తమ మీసముల చేపలకు సోయా, పత్తిగింజల చెక్క, మొక్కజొన్నలే ముఖ్యాహారముగా బెట్టుచు, చేపల పొడిని బహు స్వల్పమునకు దించివేసిరి. మనకేమి కొరత? గుంటూరు, వరంగల్లు మండలములలో పత్తిగింజల చెక్క, రాయలసీమలో వేరుసెనగ చెక్క, గోదావరి మిల్లులలో తవుడు గలవు. హిందూపురము ప్రాంతమున పట్టుకాయలనుండి దారము దీసిన పిదప మిగులు పురుగు గలదు. ఎండబెట్టిన యా పురుగులో మాంసకృత్తులు నూటికి 50 పాళ్లకు పైబడియుండును.

వీనియందు దోషములు లేవని మేము చెప్పము. పత్తిగింజలలో గాసిపాల్ అను విషపదార్థ మున్నది. తడిసిన వేరుసెనగ చెక్కకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ పుట్టును. ఈ రెండింటను లైసిన్ అను ముఖ్యాంశము కొరవడును. కాని పట్టుపురుగులో నా లైసిన్ సమృద్ధిగా నున్నది. ఒకదాని లోపమును మరియొకటి తీర్చును. పట్టుపురుగులోని నూనె త్వరగా చెడి కంపు గొట్టును గాన, నూనె తీసి వాడవలయును. కూరగాయల వ్యర్థములపై బెంచు నల్ల ఈగ పురుగులను చేపల మేతలో వాడుటకు ఐరోపా దేశములు 2017లోనే అనుమతించినవి. మన సంతలలో కుళ్లిపోవు కూరగాయలకు కొరత గలదా?

కావలసినది పరీక్ష, ప్రచారము, శాసనపాలనము. కేంద్ర మంచినీటి మత్స్యపరిశోధన సంస్థకు విజయవాడలో శాఖ గలదు. అది యీ మేతలను రైతుల చెరువులలోనే పరీక్షించి, ఏ చెక్క నెంతపాలు కలుపవలయునో, కిలో చేపకు మేత ఖర్చెంత యగునో తేటతెలుగున ప్రకటింపవలయును. ఆంధ్రప్రదేశమున 2020లో చేపల మేత నాణ్యతకై చట్టము చేయబడినది. బస్తాపై మాంసకృత్తుల పాళ్లు వ్రాసియుండుట చాలదు. వ్రాసినది లోన నున్నదో లేదో అధికారులు తీసి చూడవలయును. కోళ్ల వ్యర్థములను చెరువులకు దరలించు బండ్లను నిర్దాక్షిణ్యముగా నాపవలయును. రైతులును సంఘములుగా నేర్పడి, చెక్కను మిల్లులయొద్దనే కలసి కొని, స్వంత మేత తయారుచేసికొనుటకు పూనుకొనవలయును.

గానుగలు మనవి, మిల్లులు మనవి, చెరువులు మనవి. మేతకు మాత్ర మెన్నాళ్లు పరుల మొగము జూచుచుందుము? ఈ విషయమున ప్రభుత్వమును, రైతులును ఇంక ఉపేక్ష వహింపరాదని మా దృఢాభిప్రాయము.