రేగు బెరడు చేసుకున్న పాపమేమిటి?

భోగినాడు పిల్లల తల మీద పోయడానికి మనకు రేగుపళ్లు కావాలి. ఆ ఒక్కరోజు దాటితే రేగంటే ముళ్లకంపే. అడ్డొస్తే నరికేస్తాం, నరికింది కంచెకు వాడతాం. ఆ చెట్టు బెరడులోని ఒక పదార్థం చర్మ క్యాన్సర్లలోకెల్లా ప్రాణాంతకమైన మెలనోమా కణాలను చంపుతోందని 1995లో 'నేచర్ మెడిసిన్' పత్రిక ప్రచురించింది. ముప్పై ఏళ్లు గడిచాయి. అది మందూ కాలేదు, పనికిరాదనీ తేలలేదు. వాదనలు పూర్తికాకుండానే అటకెక్కించిన దావాలా అలాగే పడి ఉంది. నా బాధ అదే.

ఆ పదార్థం పేరు బెటులినిక్ ఆమ్లం. షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ పెజుటో బృందం మొక్కల సారాలను క్యాన్సర్ కణాల మీద వరసగా పరీక్షిస్తూ, రేగు కాండం బెరడులో దీన్ని పట్టుకుంది. మనిషి మెలనోమా కణితులు పెంచిన ఎలుకలకు ఇచ్చి చూస్తే కణితి ఎదుగుదల పూర్తిగా ఆగింది. ఎలుకల్లో విష లక్షణాలేవీ కనిపించలేదు. ఇది కణంలోని మైటోకాండ్రియాను నేరుగా దెబ్బతీసి, కణం తనంతట తానే చచ్చిపోయేలా చేస్తుంది. చాలా కీమో మందుల ప్రభావం పీ53 అనే కాపలా ప్రొటీన్ చెడిపోతే తగ్గిపోతుంది. బెటులినిక్ ఆమ్లానికి ఆ ప్రొటీన్‌తో పనిలేదు. మొదట మెలనోమా మీదే పనిచేస్తుందనుకున్నారు. తర్వాత మెదడు, నాడీ సంబంధ కణితుల కణాలూ దీనికి లొంగాయి.

ఇంత ఆశ చూపిన పదార్థానికి దక్కిందేమిటి? ముందుముందు మెలనోమాగా మారే ప్రమాదమున్న అసాధారణ పుట్టుమచ్చల మీద 20 శాతం లేపనంగా పూసి చూసే పరీక్షను అమెరికాలో తలపెట్టారు. నిధుల్లేక అది ఆగిపోయింది. మందు ఓడిపోయి ఆగి ఉంటే నాకు ఏ పేచీ లేదు. ఓటమో గెలుపో తేలకముందే డబ్బు అయిపోయింది.

నీళ్లలో కరగదు కాబట్టి మందుగా మలచడం కష్టమంటారు. నిజమే, కరగదు. మరి ప్యాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు కరిగిందా? అమెరికా పసిఫిక్ తీరపు యూ చెట్టు బెరడును 1962లో సేకరించారు. అందులోంచి ఆ మందును విడదీసిన మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణీ 1971లో దాని నిర్మాణాన్ని వెల్లడించారు. అదీ నీళ్లలో కరగదు, పైగా ఒక్క రోగికి సరిపడా మందు కోసం చెట్లకు చెట్లే బలయ్యేవి. అయినా అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ ప్రభుత్వ సొమ్ముతో వెంటపడింది. 1992 డిసెంబరులో అనుమతి వచ్చింది. ఈరోజు ప్యాక్లిటాక్సెల్ లేని క్యాన్సర్ ఆసుపత్రి ఉండదు. బెటులినిక్ ఆమ్లానికి చెట్ల కొరత కూడా లేదు. భూర్జ వృక్షాల బెరడులో బెటులిన్ పుష్కలం. దాన్ని ప్రయోగశాలలో బెటులినిక్ ఆమ్లంగా మార్చవచ్చు.

పైగా చర్మానికి పూసే మందుకు నీళ్లలో కరగకపోవడం అంత పెద్ద అడ్డంకా? ముట్టుకుంటే చర్మం ఊడిపోయే ఎపిడెర్మొలిసిస్ బులోసా పిల్లల పుండ్లకు ఇదే భూర్జ బెరడు సారంతో చేసిన జెల్‌కు 2022లో యూరప్, 2023లో అమెరికా అనుమతిచ్చాయి. అంటే ఈ కుటుంబపు పదార్థాలు చర్మానికి పూసే మందుగా నిలబడ్డాయి. క్యాన్సర్ దగ్గరికొచ్చేసరికి ఎవరికీ ఓపిక లేదు.

అసలు కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. ప్రకృతిలో ఉన్న పదార్థానికి మన చట్టం పేటెంట్ ఇవ్వదు, సెక్షన్ 3(సి) ఆ మాట చెబుతోంది. ఆ నియమం సరైనదే. కానీ సొంతం చేసుకోలేని మందు మీద ఏ కంపెనీ కోట్లు పోస్తుంది? కంపెనీ వెనక్కి తగ్గిన చోట ప్రభుత్వం ముందుకు రావాలి. రాలేదు.

మెలనోమా తెల్లవాళ్ల జబ్బులే అని తోసిపుచ్చకండి. మన దేశంలో అది అరుదే. కానీ వచ్చినప్పుడు తరచు అరికాల్లోనో గోటి కిందో వస్తుంది. ముల్లు గుచ్చుకుందనో, దెబ్బ తగిలి నల్లబడిందనో ఊరుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ముదిరి ఉంటుంది. కొత్త ఇమ్యునోథెరపీ మందులు ప్రాణం నిలబెడతాయి గానీ ఖర్చు లక్షల్లో ఉంటుంది. చవకైన మందు కోసం ఎక్కువగా ఎదురుచూడాల్సింది మనమే.

ఇది చదివి ఎవరూ రేగు బెరడు నూరి పుట్టుమచ్చకు పట్టించవద్దు. ఎలుకలో పనిచేసింది మనిషిలో పనిచేస్తుందని ఎవరూ నిరూపించలేదు. రంగు, ఆకారం మారుతున్న మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకుండా చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లండి. నేను అడుగుతున్నది నాటువైద్యానికి ముద్ర వేయమని కాదు, ఆ నిరూపణ జరిపించమని.

ఐసీఎంఆర్ ఉంది, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఉంది, హైదరాబాద్ తార్నాకలో రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ ఉంది. మన చెట్ల గొప్పతనం గురించి సభల్లో ఉపన్యాసాలకు కొదవలేదు. ఆ గొప్పతనంలో ఒక్కదాన్నైనా రోగి దాకా తీసుకెళ్లే పరీక్షకు డబ్బు కేటాయించండి. మంచి లేపనం తయారు చేయించండి, పద్ధతి ప్రకారం మనుషుల మీద పరీక్షించండి, వచ్చిన ఫలితాన్ని ఏదైనా సరే దాచకుండా అచ్చువేయండి. పనిచేయదని తేలితే ఆ తీర్పును తలవంచి ఒప్పుకుంటాను. అసలు తీర్పే ఇవ్వకుండా ఇంకో ముప్పై ఏళ్లు గడిపేస్తామంటే మాత్రం ఒప్పుకోను.