ఆడపిల్ల వాటా – అభ్యుదయవాదుల మౌనం

స్త్రీల ఆస్తి హక్కు ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన మిత్రులు కొందరు ఒక సమాధానం సిద్ధంగా ఉంచుకుంటారు. అది ఆస్తిపరుల ఇంటి తగాదా, దానితో మనకేమి పని అంటారు. సెంటు భూమి లేని కూలీ స్త్రీకి వారసత్వ చట్టం ఏ కూడు పెడుతుందని అడుగుతారు. ముందు దున్నేవానికి భూమి రావాలి, తక్కినవన్నీ దాని వెనుక వాటంతట అవే వస్తాయంటారు. వినడానికిది వర్గదృష్టి లాగానే ఉంటుంది. కాని కాస్త గీకి చూస్తే లోపల కనిపించేది భూమిగల రైతింటి కొడుకు చూపే.

ఆ నినాదాన్నే తీసుకోండి. దున్నేవానికే భూమి! మన పల్లెల్లో ఆడది నాగలి పట్టరాదన్నారు, పడితే అరిష్టమన్నారు. ఊడ్చేది ఆమె, కలుపు తీసేది ఆమె, కోతలో వంగిన నడుము ఆమెది. దున్నడం ఒక్కటే ఆమెకు నిషిద్ధం. సరిగ్గా ఆ ఒక్క పనినే హక్కుకు కొలబద్దగా పెట్టుకున్న నినాదం, శ్రామికులలో సగంమందిని గట్టుమీదనే నిలబెట్టింది. నినాదం అబద్ధమని నేననను. దానికోసం ప్రాణాలిచ్చినవారున్నారు, వారిలో స్త్రీలూ ఉన్నారు. 1946–51 నాటి తెలంగాణా రైతాంగ పోరాటంలో పనిచేసిన స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేర అచ్చువేసింది. పోరాటం ముగిశాక వారికి మిగిలింది మళ్ళీ వంటిల్లేనన్న సంగతి ఆ పుస్తకం చదివినవారికి చెప్పనక్కరలేదు.

ఇక మన ప్రాంతం సంగతి. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఏలూరు జిల్లాలో ద్వారకా తిరుమల ఉన్నది. జనం చిన్నతిరుపతి అంటారు. ముహూర్తాల రోజుల్లో మెట్ట నుంచీ డెల్టా నుంచీ పెళ్ళివారు ఈ కొండకు కట్టలు తెంచుకున్నట్లు వస్తారు. పెద్దతిరుపతి మొక్కు చిన్నతిరుపతిలో తీర్చుకోవచ్చునుగాని, చిన్నతిరుపతి మొక్కు పెద్దతిరుపతిలో చెల్లదని ఇక్కడ లోకవాక్యం. దేవుడి సంగతి దేవుడెరుగు. ఆడపిల్ల వాటా విషయంలో మాత్రం అటువంటి ఒకవైపు లెక్కే నడుస్తున్నది. కట్నం ఇస్తే వాటా చెల్లిపోతుంది. వాటా ఇస్తానంటే కట్నం చెల్లదు!

చట్టం ఏమన్నది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతురిని తండ్రి స్వార్జితానికి వారసురాలిని చేసిందిగాని, సమష్టి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును కొడుకులకే అట్టిపెట్టింది. కాపురమున్న ఇల్లు పంచమని అడిగే హక్కు కూడా ఆమెకివ్వలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో దానిని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి కొడుకుతో సమానమైన హక్కు కల్పించింది. ఆ తేదీకి ముందే పెళ్ళయినవారిని మాత్రం వదిలిపెట్టింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. 2005 నాటికి తండ్రి బ్రతికి ఉండాలన్న నియమమేదీ లేదని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసరికి 2020 వచ్చింది.

కోర్టుకెక్కి హక్కు తెచ్చుకోరాదా అనేవారికి తులశమ్మ కేసు గుర్తుచేయాలి. 1931లో భర్త పోయిన ఆ వితంతువు మనోవర్తి కోసం 1944లో నెల్లూరు మునసబు కోర్టులో అర్జీ పెట్టుకున్నది. ఎదుటివాడు భర్త సవతి సోదరుడు శేషారెడ్డి. మనోవర్తి కింద తనకు వచ్చిన ఆస్తి తనదేనని సుప్రీంకోర్టు అనేసరికి 1977! ఒక్క ఆడదానికి న్యాయం జరగడానికి ముప్ఫైమూడేళ్ళు.

కాబట్టి మన ఆడపిల్లలు కోర్టుకు పోరు. పోకుండా చూసే పద్ధతి అన్నదమ్ములకు బాగా తెలుసు. పెళ్ళి కుదిరిన తర్వాతనో, తండ్రి పోయిన పన్నెండో రోజు దాటగానే దస్తావేజు రాయించేవాడి దగ్గరికో తీసుకుపోతారు. హక్కు విడుదల పత్రం మీద సంతకం. ఇంకా జాగ్రత్తపరుడైన తండ్రి అయితే బ్రతికుండగానే కొడుకుల పేర సెటిల్‌మెంటు రాసి రిజిస్టరు చేయిస్తాడు. కాదన్న ఆడపిల్లకు పుట్టింటి గడప మూసుకుపోతుంది. రేపు అత్తవారింట చేయి చేసుకుంటే పరుగెత్తుకురావడానికి ఆమెకున్నది ఆ గడప ఒక్కటే. ఆ ఒక్క ఆశ్రయాన్ని చూపించి బెదిరించి తీసుకున్న సంతకాన్ని "ఇష్టపూర్వకం" అని దస్తావేజులో రాస్తారు.

కట్నం రూపంలో ఇచ్చాం కదా అనేది వారి అసలు వాదన. ఎవరికిచ్చారు? ఆ సొమ్ము పిల్ల చేతికి రాదు. వియ్యంకుని చేతిలో పడి, అతని కూతురి కట్నంగానో, చేపల చెరువు లీజుగానో, తీరని అప్పుగానో మాయమవుతుంది. పసుపు కుంకుమల కింద భూమి ఇచ్చినచోట కూడా దాని మీద కౌలు తినేది అల్లుడే. ఆంధ్రప్రదేశ్ 1958లోనే కట్నాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 1961లో కేంద్రం చేసిన చట్టం వచ్చి దానిని రద్దు చేసింది. ఆ కేంద్ర చట్టంలో ఒక విచిత్రమైన సెక్షను ఉన్నది, ఆరవది. ఎవరైనా కట్నం పుచ్చుకుంటే, దానిని నిర్ణీత గడువులో పెళ్ళికూతురికే అప్పగించాలట! ఆ సెక్షను పేరు పెళ్ళిపందిట్లో ఎత్తిన పెద్దమనిషిని మీరెక్కడైనా చూశారా?

ఇంతవరకు వారి పాపం. మన పాలు ఎంత? 1973 నాటి భూపరిమితి చట్టం మన ఉద్యమాలు అడగ్గా వచ్చినది. పల్లానికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితి. కుటుంబమంటే భర్త, భార్య, మైనరు కొడుకులు, పెళ్ళికాని మైనరు కూతుళ్ళు. సవరణలు జరిగాక, భూమి లేని మేజరు కొడుకు ఉన్న తండ్రి ఆ కొడుకు లెక్కన మరికొంత భూమి మిగుల్చుకోవచ్చు. మేజరు కూతురు? ఆమె లెక్కలోనే లేదు. ఉత్తరప్రదేశ్ చట్టంలోని ఇటువంటి భేదం మీదనే 1980లో అంబికా ప్రసాద్ మిశ్రా కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. తీర్పు రాసింది కృష్ణయ్యరుగారు. 1957లో కేరళలో ఏర్పడిన కమ్యూనిస్టు మంత్రివర్గంలో న్యాయశాఖ చూసిన మనిషి, పేదలపక్షం న్యాయమూర్తిగా మనం నెత్తిన పెట్టుకున్న మనిషి. కొడుక్కి కూడా ఈ చట్టం భూమి ఇవ్వడం లేదు, తండ్రి ఎంత ఉంచుకోవచ్చునన్న లెక్క మాత్రమే చెబుతున్నది, కనుక వివక్ష లేదన్నారాయన. భూస్వాములు కూతుళ్ళ పేరు చెప్పి మిగులు భూమి దాచుకోవాలని చూశారన్నది నిజం. వారి ఎత్తును కొట్టవలసిందే. కాని కొడుకును యూనిట్‌గా లెక్కించి కూతురిని లెక్కించకపోవడం భూస్వామికి కలిగించిన నష్టమేమిటి? కొడుకులున్నవానికి లాభమే కలిగింది. కొడుకులకూ అదనం లేదని ఉంటే మిగులు భూమి ఇంకా పెరిగేది, పేదలకు ఇంకా దక్కేది. సమానత్వమూ భూసంస్కరణా ఇక్కడ ఒకే దారిన పోతున్నాయి. ఆ సంగతి చెప్పవలసిన బాధ్యత మనది.

2015–16 వ్యవసాయ గణనలో ఆంధ్రప్రదేశ్‌లోని కమతాలలో నూటికి సుమారు 30 స్త్రీల పేర కనిపిస్తాయి. దేశం మొత్తం మీద 14 లోపే. చూశారా, మనవాళ్ళు ఎంత ముందున్నారో అనేవారున్నారు. పాసుపుస్తకం మీద పేరెవరిదో లెక్కల్లోకి వస్తుంది. ఆ భూమిలో వరి వేయాలా, చెరువు తవ్వాలా, పామాయిల్ పెట్టాలా అని ఎవరు తీర్మానిస్తారో ఏ లెక్కల్లోకీ రాదు.

కూలీ స్త్రీకి దీనితో ఏమి పని అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉన్నది. ద్వారకా తిరుమల, పెదవేగి, కామవరపుకోట మెట్టల్లో పామాయిల్ తోటలు పెరిగాయి. పొడుగాటి గెడకు కట్టిన కొడవలితో గెల కోసేది మగవాడు. రాలిన పండ్లు ఏరుకునేది ఆడది. కొల్లేటి చుట్టూ వరిచేలు చేపల చెరువులయ్యాయి. 1999లో అభయారణ్యమని ప్రకటించినా తవ్వకం ఆగలేదు. 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు పగలగొట్టింది. ఆ రచ్చలో పెట్టుబడి పోయిన వారి మాట వినిపించింది, పక్షుల మాట వినిపించింది. వరి పోయిన రోజే ఊడ్పులూ కోతలూ పోయిన ఆడకూలీల మాట వినిపించలేదు. చెరువు మీద కాపలా, మేత, వల లాగడం మగపనులు. చేప ఐసులో పడి లారీ ఎక్కి కలకత్తాకు పోతుంది. తట్ట నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్మిన మనిషికి బేరమే లేదు. మిగిలింది రొయ్యల షెడ్లలో తలలు వలిచి కిలోకింత అని కూలి తీసుకోవడం. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. పనే రెండుగా చీలిపోయినచోట దేనితో సమానం? భూమి ఏమి కావాలో తేల్చే ఇంట్లో స్త్రీకి మాట లేకపోవడమూ, ఆ భూమిలో వంగిన కూలీ స్త్రీ పని ఒక్క సంతకంతో పోవడమూ వేరువేరు కథలు కావు. మాట్లాడే అధికారం రెండుచోట్లా మగ వారసుని దగ్గరే ఉన్నది.

కూలి కులాలలో ఒకప్పుడు ఓలి ఉండేది. మగపెళ్ళివారే సొమ్ము ఇచ్చి పిల్లను తెచ్చుకునేవారు. ఓలి మంచిదని నేననను. అదీ ఒక వెలే. కాని అందులో పిల్ల రెక్కల కష్టానికి విలువ ఉన్నదన్న ఒప్పుదల ఉన్నది. డెల్టాలో డబ్బు తిరిగేకొద్దీ, ఆడవాళ్ళ పని చౌక అయ్యేకొద్దీ, ఆ కులాలలోకి కూడా కట్నం దిగింది. ఇప్పుడు భూమి లేని తండ్రి అప్పుచేసి కట్నమిస్తున్నాడు. ఆస్తిపరుల ఇంటి తగాదా అన్న మాట ఇంకా అనగలమా?

మన సాహిత్యం కట్నాన్ని ఎక్కువగా తండ్రి కన్నీరుగానే చూసింది. 1920లలో కాళ్ళకూరి నారాయణరావుగారు రాసిన 'వరవిక్రయం' ఇప్పటికీ ఆడే నాటకం. కాళింది ప్రాణం తీసుకుంటుంది. కమల కట్నమిచ్చి కొన్న మొగుడు తన సొత్తేనని నిలదీస్తుంది. ఎంత పదునైన ఘట్టం! అయినా, పుట్టింటి ఆస్తిలో తన భాగమెక్కడ అని ఆ పిల్ల అడగలేదు. ఆనాటి చట్టంలో ఆ భాగం లేదు కనుక రచయితను తప్పుపట్టలేము. 1986 తర్వాత రాస్తున్న మన కథకులకు ఆ సాకు లేదు. కట్నపు చావుల మీద కథలు వచ్చాయి. హక్కు విడుదల పత్రం మీద, దానికి సాక్షి సంతకం పెట్టే చదువుకున్న మేనమామ మీద ఎన్ని వచ్చాయి?

ఈ పత్రిక చదివేవారిలో ఉపాధ్యాయులు ఎక్కువ, ఉపాధ్యాయులు కాబోయే విద్యార్థులు ఎక్కువ. సర్కారు ఉద్యోగమున్న పెళ్ళికొడుకు వెల ఏమిటో ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ పెళ్ళిళ్ళ పేరయ్యలు మనకన్నా బాగా చెప్పగలరు. నెల తిరిగేసరికి జీతం వస్తుందన్న భరోసాకే ఆ వెల; సంఘం పోరాడి తెచ్చిన జీతాన్ని చూపించే ఆ బేరం సాగుతుంది. ఉపాధ్యాయ సంఘాల మహాసభల్లో కరువుభత్యం మీద తీర్మానముంటుంది, పింఛను మీద తీర్మానముంటుంది. కట్నం పుచ్చుకున్నవాడు సంఘంలో పదవికి తగడనీ, చెల్లెలి చేత హక్కు విడుదల రాయించుకున్నవాడు రైతుసంఘపు వేదిక ఎక్కరాదనీ తీర్మానం పెట్టి చూడండి. బలపరచడానికి ఎన్ని చేతులు లేస్తాయో, వాటిలో పెళ్ళికాని కుర్రవాళ్ళవి ఎన్నో లెక్కపెట్టండి.