ఫైబరు తీగ, పుస్తకాల పడవ

1935వ సంవత్సరమున పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై ఒక పడవను గ్రంథాలయముగ నడిపించిరి. పల్లెటూరి చదువరి పుస్తకమును వెదకికొనుచు పట్టణమునకు పోజాలడు గనుక, పుస్తకమే రేవురేవునకును పోయి అతనిని పలుకరించుట ఆ పడవ చేసిన పని. గ్రామములకు బ్రాడ్‌బ్యాండు కల్పించుటకై నేడు జరుగుచున్న యత్నములను చూచినపుడెల్ల నాకాపడవయే జ్ఞప్తికి వచ్చుచున్నది. ఏలయన, మనము కాలువ త్రవ్వుటయందు చూపిన శ్రద్ధను పడవ కట్టుటయందు చూపలేదు.

కాలువ పని చిన్నదని నా భావము గాదు. 2011లో కేంద్ర మంత్రివర్గము ఆమోదింపగా, పిమ్మట భారత్‌నెట్ అను పేరు దాల్చిన పథకము సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతులకు ఫైబరు తీగను చేర్చ సంకల్పించెను. ఆంధ్రప్రదేశము ఇందొక మెలకువ చూపినది: నేల త్రవ్వి తీగను పాతుటకు పట్టు కాలమును, వ్యయమును తప్పించుటకై, ఊరూరను అదివరకే నిలిచియున్న కరెంటు స్తంభములమీదుగ దానిని లాగి, సబ్‌స్టేషనులను కూడళ్ళుగ చేసికొని, ఇంటింటి గడపయు ఎరిగిన కేబులు టీవీ ఆపరేటరు చేతికి కడపటి కొసను అప్పగించినది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏ.పీ. ఫైబర్‌నెట్‌ను ప్రారంభించునాటికి టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూడును కలిపి నెలకు 149 రూపాయలకు లభించు ఏర్పాటు జరిగినది. గాలివానకు కొమ్మ విరిగిపడి తీగ తెగుట ఈ పద్ధతిలోని లోపమే. కాని అది నిచ్చెన వేసికొని సరిచేయదగిన లోపము. తెలంగాణమున స్తంభములకు బదులుగ మిషన్ భగీరథ నీటి గొట్టముల వెంబడి ఫైబరునకు దారి వేసిరి.

నిచ్చెనకు అందని లోపము వేరొకటి కలదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఆంధ్రప్రదేశమున ఎన్నడైనను ఇంటర్నెట్టును వాడిన పురుషులు 48.8 శాతము కాగా స్త్రీలు 21 శాతము మాత్రమే. చవకధరకు తీగ వచ్చిన పిమ్మటి లెక్క యిది. కనుక దోషమంతయు ధరపై మోపుటకు వీలులేదు. నేనెరిగిన పల్లెలలో ఆ ఫైబరు కనెక్షనుతో వచ్చిన పెట్టె టీవీ ప్రక్కన కూర్చుండి సీరియళ్ళకే పరిమితమగుచున్నది. సెల్‌ఫోను మగవాని జేబులో నుండును. తెరమీది మాటలు సగము ఇంగ్లీషు. పొరపాటున ఏదో నొక్కినచో బ్యాంకులోని సొమ్ము పోవునను భయము సరేసరి. ఆ భయము అజ్ఞానము గాదు. ఓటీపీ చెప్పి మోసపోయిన ఇరుగుపొరుగును చూచి నేర్చుకొన్న జాగ్రత్త. తన పేరిటనున్న అరయెకరపు అడంగలును, అనగా భూమి లెక్కను, మీభూమి వెబ్‌సైటులో తానే చూచుకొనవచ్చునని ఎరుగని స్త్రీ, అందుకై ఒక పూట కూలి పోగొట్టుకొని మండల కేంద్రమునకు బస్సెక్కుచున్నది. ఆమెకు ఎవరును చెప్పలేదు, అంతియే.

చెప్పుట యనగా బ్యానరు కట్టి, ఒకదినము సదస్సు జరిపి, ఫొటో దిగిపోవుట గాదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో చేరి, తమ బ్రతుకునే చూపిన పాఠము చదువుకొని, సారాపై తిరుగబడిరి. అక్షరము వారి అక్కరను తాకినందుననే అది సాధ్యమైనది. ఇంటర్నెట్టు పాఠమును సైతము అడంగలుతోను, పింఛనుతోను, బిడ్డ పరీక్షా ఫలితముతోను ఆరంభింపవలెను గాని కంప్యూటరు భాగముల పేర్లతో గాదు.

ఇందుకు క్రొత్త భవనములు అక్కరలేదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమిచ్చుచునే యున్నాము. స్థానిక సంస్థలు వసూలుచేసిన ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థలకు పూర్తిగ చేరక బకాయిలు పేరుకొనుచుండుట చిరకాలపు వ్యథ. ఆ బకాయి చెల్లించి, ప్రతి శాఖా గ్రంథాలయమునకు ఒక ఫైబరు కనెక్షనును, నాలుగు తెరలను సమకూర్చి, అదే ఊరి చదువుకొన్న ఆడపడుచు నొకతెను గౌరవవేతనముపై నియమింపవలెను. పొలమునుండి తిరిగివచ్చువారి కొరకు దీపాలవేళ రెండు గంటలు ఆ గదిని స్త్రీలకే విడువవలెను.