పసివారి కంప్యూటరు – పెద్దల బాధ్యత

బిడ్డకు అక్షరాభ్యాసము చేయించునపుడు మన పెద్దలు పళ్ళెములో బియ్యము పోసి, పసివాని వ్రేలు తమ చేతితో పట్టుకొని ఓనమాలు దిద్దించెడివారు. ఆ బియ్యము బిడ్డ వ్రాసినదే చూపును. తనంత తాను ఒక్క అక్షరమును కలుపదు. బిడ్డ ఎంతసేపు కూర్చుండెనో, ఏ అక్షరముకడ తడబడెనో ఇతరులకు చెప్పదు. ఈనాడు మన గృహములలో పిల్లల ముందుంచుచున్న కంప్యూటరు అట్టిది కాదు. అది చూపును, పిలుచును, గుర్తుంచుకొనును. ఇంటర్నెట్టు ద్వారా దూరముననున్న వారికి తెలియజేయును గూడ. కావున పసివానికి కంప్యూటరు అమర్చుట అనునది ఒక వస్తువును కొని తెచ్చుటతో ముగియు పని కాదు. అది విద్యకు సంబంధించిన నిర్ణయము.

ఈ విషయమును ఇప్పుడు చర్చింపవలసి వచ్చుటకు కారణములు కలవు. 2025 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ, 2026-27 విద్యాసంవత్సరమునుండి మూడవ తరగతి మొదలుకొని కృత్రిమ మేధను, కంప్యూటరు పద్ధతిలో ఆలోచించుటను పాఠ్యక్రమమున చేర్చనున్నట్లు ప్రకటించినది. మూడవ తరగతి యనగా సుమారు ఎనిమిదేండ్ల ప్రాయము. అదే సంవత్సరము డిసెంబరు 10వ తేదీన ఆస్ట్రేలియాలో, పదునారేండ్లు నిండనివారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు ఉండరాదను చట్టము అమలులోనికి వచ్చినది. ఒక దేశము పిల్లలను యంత్రమునకు చేరువ చేయుచుండగా వేరొక దేశము దూరము చేయుచున్నట్లు పైకి తోచును. నిజమునకు ఈ రెంటికి వైరుధ్యము లేదు. మొదటిది యంత్రమును నేర్చుటను గూర్చినది. రెండవది యంత్రము ద్వారా పిల్లల కాలమును హరించు వ్యాపారమును గూర్చినది. ఈ భేదమును గ్రహించినగాని ఇంటిలో ఏమి చేయవలెనో తేలదు.

మొదటి ప్రశ్న వయస్సు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనల ప్రకారము రెండేండ్లు నిండని శిశువునకు తెర ముందు కూర్చుండుట తగదు. రెండు మొదలు నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంటకు మించరాదు; ఎంత తగ్గిన అంత మేలు. పసితనమున నేర్వవలసినవి పరుగు, ఆట, మాట, మట్టి, మనుష్యుల ముఖములు. వీనిని ఏ తెరయు నేర్పజాలదు. కావున మూడేండ్ల బిడ్డకు కంప్యూటరు లేదని చింతింపవలసిన పని లేదు. ఐదారేండ్లు వచ్చి, అక్షరములు పరిచయమైన పిమ్మట ఆరంభించిన బిడ్డ ఏమియు కోల్పోడు.

రెండవ ప్రశ్న, ఏమి చేయుటకు అనునది. దక్షిణాఫ్రికాలో జన్మించి, జెనీవాలో పియాజే వద్ద పనిచేసి, పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన సీమోర్ పాపర్ట్, తన సహచరులతో గూడి 1967లో పిల్లలకొరకు 'లోగో' అను కంప్యూటరు భాషను నిర్మించెను. తెరపై ఒక తాబేలు ఉండును. 'నూరడుగులు ముందుకు నడువుము, తొంబది డిగ్రీలు కుడికి తిరుగుము' అని నాలుగుమారులు ఆజ్ఞాపించిన అది చతురస్రమును గీయును. ఇపుడు సమబాహు త్రిభుజము గీయింపవలెను. త్రిభుజములోని ప్రతి కోణము 60 డిగ్రీలని పాఠము చదివిన బాలుడు తాబేలును 60 డిగ్రీలు త్రిప్పును. త్రిభుజము రాదు. విడువక ఆరుమారులు అట్లే చేసినచో షడ్భుజి వచ్చును! తాబేలు తిరుగవలసినది లోపలి కోణము కాదు, వెలుపలి కోణమని, అది 120 డిగ్రీలని బాలుడు తానే కనుగొనును. ఆ తాబేలు స్థానమున తానుండి నాలుగడుగులు నడచి చూచినచో ఇంకను శీఘ్రముగా తెలియును. ఇచ్చట యంత్రము బాలునికి పాఠము చెప్పలేదు. బాలుడే యంత్రమునకు చెప్పుచు తాను నేర్చుకొనెను. 1980లో వెలువడిన 'మైండ్‌స్టార్మ్స్' గ్రంథమున పాపర్ట్ ప్రతిపాదించిన ముఖ్యవిషయము ఇదియే.

ఆ సంప్రదాయమునుండియే 2007లో 'స్క్రాచ్', 2014లో ఐదు మొదలు ఏడేండ్ల వారికి 'స్క్రాచ్ జూనియర్' వచ్చినవి. బొమ్మలు గీయుటకు 'టక్స్ పెయింట్', లెక్కలు, అక్షరములు, చిక్కుముడి ఆటలకు 'జీకాంప్రీ' ఉచితముగా లభించుచున్నవి. వీనిలో ప్రకటనలు లేవు. తమంతట తాము ఒకదాని వెనుక నొకటి వచ్చిపడు వీడియోలును లేవు. బిడ్డ చేయి ఆడినగాని తెరపై ఏమియు జరుగదు. పిల్లల కంప్యూటరులో ఏది యుంచవచ్చునో నిర్ణయించుటకు ఇంతకు మించిన పరీక్ష అక్కరలేదు.

దీనినుండియే ఏ యంత్రము మేలను ప్రశ్నకు సమాధానము లభించును. టాబ్ చూచుటకు, వినుటకు అనువైనది. వ్రాయుటకు, నిర్మించుటకు కీబోర్డు గల కంప్యూటరు అనువైనది. అది క్రొత్తదే కానక్కరలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు తగవను కారణమున పక్కకు నెట్టబడిన మంచి యంత్రములు అనేకము. అట్టి యంత్రముపై ఉచితమైన లినక్సు వేసినచో ఆరేండ్ల బిడ్డకు చాలును. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చిరకాలముగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతోనే కంప్యూటరు విద్యను నడుపుచున్నవి. జీకాంప్రీ వంటివి అచ్చటి పిల్లలకు పరిచితములు.

ఇంక అమరిక. కంప్యూటరును పడకగదిలో గాక నలుగురు తిరుగు గదిలో ఉంచవలెను. తెర పైయంచు బిడ్డ కంటికి సమముగానో కొంచెము దిగువగానో ఉండవలెను. కాళ్ళు వ్రేలాడకుండ క్రింద పీట వేయవలెను. తల్లిదండ్రులకు ఒక ఖాతా, బిడ్డకు వేరొక ఖాతా ఏర్పరుపవలెను. క్రొత్త ప్రోగ్రాములు చేర్చు అధికారము, పాస్‌వర్డు పెద్దల ఖాతాకే చెందవలెను. తొలి దినములలో ఇంటర్నెట్టు లేకున్నను లోపము లేదు. పైన చెప్పిన బొమ్మల, ఆటల ప్రోగ్రాములు ఒకమారు చేర్చిన పిమ్మట అది లేకయే పనిచేయును. ఇంటర్నెట్టు ఇచ్చుదినమున వడపోతలు పెట్టవచ్చును గాని, అవి జల్లెడలే, జల్లెడకు రంధ్రములుండును. బిడ్డ ప్రక్కన కూర్చున్న పెద్దవారికి అవి బదులు కాజాలవు.

చట్టము మాట గూడ చెప్పవలసి యున్నది. 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండని ప్రతి వ్యక్తిని బిడ్డగానే పరిగణించును. తల్లిదండ్రుల ధ్రువపరచిన అనుమతి లేనిదే బిడ్డ సమాచారమును వినియోగింపరాదనియు, బిడ్డ నడవడిని వెంబడించి ప్రకటనలు గురిపెట్టరాదనియు శాసించును. అయితే 2025 నవంబరులో వెలువడిన నియమములు ముఖ్యమైన బాధ్యతలకు పదునెనిమిది నెలల గడువు నిచ్చినవి. చట్టము పూర్తిగా అమలులోనికి వచ్చిన పిమ్మటను అనుమతి నిచ్చు చేయి తల్లిదండ్రులదే. చదువక 'అంగీకరించుచున్నాను' అని నొక్కు చేతిని ఏ చట్టమును కాపాడజాలదు.

అన్నిటికంటె మనము ఎక్కువగా విస్మరించుచున్నది భాష. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణములోనే తెలుగు లిపికి స్థానము లభించినది. అయినను మన పిల్లలలో అనేకులు తెలుగును రోమను అక్షరములతోనే వ్రాయుచున్నారు; 'అమ్మ' అని వ్రాయుటకు ముందు ఇంగ్లీషు అక్షరములను తలచుకొనవలసి వచ్చుచున్నది. దీనికి మారుగా ఇన్‌స్క్రిప్టు కీబోర్డు కలదు. 1980 దశాబ్దమున భారత ప్రభుత్వము రూపొందించిన ఈ అమరిక విండోస్‌లోను, లినక్సులోను ముందే యున్నది. దీనిలో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు అధికముగా కుడిచేతి వైపు ఉండును. క, ఖలు ఒకే మీటపై. గ, ఘలు వేరొక మీటపై. అల్పప్రాణమునకు మీట నొక్కినచాలును; మహాప్రాణమునకు షిఫ్టు కలుపవలెను. 'అమ్మ' యనగా అకారము, మకారము, పొల్లు, మరల మకారము. వర్ణమాల, ద్విత్వము, సంయుక్తాక్షరము – తెలుగు పండితుడు నల్లబల్లపై చెప్పు వ్యాకరణమంతయు బిడ్డ వ్రేళ్ళకు తెలియును. మీటలపై చిన్న కాగితపు ముక్కలు అతికించి తెలుగక్షరములు వ్రాసి పెట్టుట ఒక సాయంకాలపు పని.

ఉపాధ్యాయ సోదరులు, సోదరీమణులు ఈ విషయమున ప్రేక్షకులుగా ఉండరాదు. మన దేశమున 1984-85లో 'క్లాస్' పథకము క్రింద బి.బి.సి. మైక్రో కంప్యూటరులు పాఠశాలలకు పంపబడినవి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్‌లు ఇయ్యబడినవి. యంత్రమును పంచుట ఒక్క దినపు ఉత్సవము; దానితో బోధించుట ప్రతిదినపు శ్రమ. ఇపుడు మూడవ తరగతికి రానున్న పాఠ్యక్రమము ఏ భాషలో వచ్చును? దానిని బోధించువారికి ముందుగా శిక్షణ లభించునా? 2020 జాతీయ విద్యావిధానము కనీసము ఐదవ తరగతి వరకు సాధ్యమైనచోట్ల మాతృభాషలో బోధన జరుగవలెనని కోరినది. కంప్యూటరు పాఠము ఇంగ్లీషున మాత్రమే వచ్చినచో, ఇంటిలో కంప్యూటరు లేని పల్లె బిడ్డకు యంత్రమొక అడ్డు, భాష మరియొక అడ్డు అగును. ఈ ప్రశ్నలను ఉపాధ్యాయ సంఘములు, తల్లిదండ్రుల సమితులు ఇప్పుడే అడుగవలెను. పుస్తకములు అచ్చయిన పిమ్మట అడిగిన ప్రయోజనము స్వల్పము.

తాబేలును 120 డిగ్రీలు త్రిప్పి త్రిభుజమును తానే గీయించి, దాని క్రింద తన పేరును తెలుగక్షరములలో తడబడకుండ వ్రాసుకొనగలిగిననాడు, ఆ బిడ్డ యింటికి కంప్యూటరు వచ్చినందులకు ఫలము దక్కినట్లే.